సున్నా వచ్చిన లెక్క, ఇసుకలో దిగిన కారు

ఉమాపతి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, కారు తాళాలు తీస్తారు. ఆ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. సమాకలనంలో, అంటే ఇంటిగ్రేషన్‌లో, ఆయనంత చెయ్యి తిరిగినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఎక్కడ ప్రతిక్షేపణ పనికొస్తుంది, ఎక్కడ విభాగ సమాకలనం చెయ్యాలి, ఎక్కడ సంకీర్ణ తలం మీద చుట్టుదారి పట్టాలి, ఏ మొండి లెక్కకి ఏ మందు వెయ్యాలో చూడగానే చెప్పేసేవారు. కానీ ‘ఎలా’ అని కాక ‘ఎందుకు’ అని అడిగితే మాత్రం లేచి చెప్పులేసుకునేవారు. ఆయన పాత అంబాసిడర్‌లో బీచి రోడ్డు మీద తిరిగి తిరిగి, జవాబు దొరక్కుండానే బండి మీద మరమరాలతో కలిపిచ్చే మురీ మిక్చరు తిని ఇంటికి చేరిన శిష్యులు కొల్లలు. తమకి దారిలో దొరికిందని చెప్పేవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో తెలీదు.

ఒక శనివారం సాయంత్రం ఎస్తేరు తన పరిశోధన అధ్యాయం పట్టుకుని మాస్టారి వరండాలోకి వచ్చింది. ఆమె తునిలో ఒక పాస్టరు గారి అమ్మాయి. మాస్టారి దగ్గర చేరి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళూ ఒకే ఒక్క కణం వెంట పడింది. ఆ కణం బయల్దేరిన చోటు నుంచి చేరాల్సిన చోటుకి రెండు దార్లున్నాయి. ఏ దారిన వెళ్ళావని దాన్ని అడగడం క్వాంటం యాంత్రికశాస్త్రంలో ఆచారం కాదు. రెండు దార్లకీ చెరో సమాకలనం కట్టి, రెండూ కూడి, వచ్చినదాన్ని వర్గం చేస్తే, కణం అక్కడికి చేరే అవకాశమెంతో తేలుతుంది. మొదటి దారి ఒక్కటే ఉన్నప్పుడు కణం చక్కగా చేరుతోంది. రెండోది ఒక్కటే ఉన్నా చేరుతోంది. రెండూ ఉంచితే సున్నా. ఇంటికి రెండో తలుపు కూడా తీసిపెడితే అసలెవరూ లోపలికి రాలేదన్నట్టుంది వ్యవహారం.

కణం తరంగంలా నడుస్తుందని, తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఆమెకి తెలియక కాదు. పరీక్షల్లో రాసింది, ఎమ్మెస్సీ పిల్లలకి బోర్డు మీద చెప్పింది. చెప్పేటప్పుడు బాగానే ఉంది. అదే సున్నా తన సొంత లెక్కలోకి వచ్చి కూర్చునేసరికి నమ్మకం కుదరలేదు. ఎక్కడ తప్పు చేశానా అని చేసిందే చేసి చూసింది. ఎన్ని పద్ధతులు మార్చినా సున్నాయే వచ్చింది.

సోమవారం ఆ అధ్యాయం కమిటీ ముందు పెట్టాలి. ఒప్పుకోకపోతే రీసెర్చి సీటు పోతుంది, పెట్టె సర్దుకుని తుని బండెక్కాలి. విభాగంలో ఒక పెద్దాయన ఆమె మీద జాలిపడి, రెండో దారి తాలూకు ముక్క స్వల్పం కనుక వదిలేశామని ఒక్క వాక్యం రాసి పారెయ్యమన్నాడు. సున్నా పట్టుకుని వెళితే రెండేళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుందంటారని కూడా అన్నాడు. రెండో ముక్క స్వల్పమేం కాదు. మొదటిదానికి సరిసమానం, కాకపోతే దానికి ఎదురు తిరిగి ఉంది. ఆ సంగతి ఎస్తేరుకి తెలుసు. తెలిసే ఆ వాక్యం రాసింది. రాసినప్పటి నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు.

“మాస్టారూ, మామూలు యాంత్రికశాస్త్రంలో ఇంటిగ్రేషన్ అంటే కూడుకుంటూ పోవడమే కదండీ. బలాన్ని కాలంతో కూడితే వేగం వస్తుంది. కూడినకొద్దీ పెరుగుతుంది. ఇక్కడేమో కూడితే ఉన్నది కూడా పోతోంది. కూడితే పోవడమేంటండీ? నేను దేన్ని నమ్మి లెక్క చెయ్యాలి?” అని అడిగింది.

మాస్టారు అధ్యాయం తిరగేశారు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగారు. సంతకం పెట్టాల్సిన చోట పెట్టలేదు. లేచి తాళాలు తీశారు.

వెనక సీట్లో బంగార్రాజు కూడా ఎక్కాడు. అతను ఆయన శిష్యుల్లో ఆఖరివాడు, అమలాపురం వైపు మనిషి, పుష్టిగా ఉంటాడు. మాస్టారు కారు తీశారంటే చాలు, చదువు సంగతి ఎలా ఉన్నా తిండి ఖాయమని అతని లెక్క. ఊరు దాటి భీమిలి రోడ్డు మీద కొంత దూరం పోయాక, సరుగుడు తోటల పక్కన మాస్టారు కారుని రోడ్డు దించి, సముద్రం కనబడేలా ఇసుకలోకి పోనిచ్చారు. వెనక చక్రాలు రెండూ మెత్తగా దిగబడిపోయాయి. ఆయన కావాలనే దింపారా, చూపు ఆనక దింపారా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఎస్తేరుకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. సోమవారానికి జవాబు కోసం వస్తే, ఇంటికెలా చేరాలన్న కొత్త ప్రశ్న మెడకి చుట్టుకుంది.

బంగార్రాజు అప్పటికే మురీ మిక్చరు బండి దగ్గరికి పోయాడు. ఎస్తేరు ఒక్కతే దిగి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి తోసింది. కారు జానెడు ముందుకి జరిగి, గుంటలోకి మళ్ళీ వెనక్కి జారింది. జారి ఆగగానే మళ్ళీ తోసింది. ఈసారి ఇంకాస్త జరిగింది. కారు ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగసాగింది.

“ఊగుతోందమ్మా, బాగానే ఊగుతోంది. ఊపు అందుకోగానే గేరు వేస్తాను,” అన్నారు మాస్టారు స్టీరింగు దగ్గర కూర్చుని.

ఇంతలో ఎస్తేరుకి ఆయాసం వచ్చింది. బంగార్రాజు వచ్చి, పొట్లాలు వెనక సీట్లో పెట్టి, ఆమెని తప్పుకోమని తను తోశాడు. అతను తోసినా కారు అలాగే ఊగింది. పక్కన నిలబడి చూస్తున్న ఎస్తేరు ఊరుకోలేకపోయింది. చదువుకున్న బుర్ర కదా, అందులో అప్పుడే ఒక గ్రాఫు తయారైంది. అడ్డంగా కాలం, నిలువుగా బలం. బంగార్రాజు తోసినప్పుడు ఒక గుట్ట, వదిలినప్పుడు ఖాళీ, మళ్ళీ గుట్ట, మళ్ళీ ఖాళీ. సగం సేపు కారు మీద ఎవరి బలమూ లేదు. ఆ ఖాళీలు నింపితే గ్రాఫు కింద వైశాల్యం రెట్టింపు కావాలి. కాగితం ఉంటే బొమ్మ గీసి చూపించేదే.

“బంగార్రాజూ, వంతులేసుకుందాం. నువ్వు తోసి వదలగానే నేను అందుకుంటాను, నేను వదలగానే నువ్వు. కారు మీద బలం లేని క్షణం ఉండకూడదు.”

“అలాగే అక్కా,” అన్నాడతను.

ఇద్దరూ వంతులవారీగా తోయడం మొదలెట్టారు. అతను వదలడం, ఆమె అందుకోవడం, ఆమె వదలడం, అతను అందుకోవడం, ఎక్కడా ఖాళీ లేదు. కారు ఊగడం తగ్గింది. ఇంకాస్త తోశారు. ఇంకాస్త తగ్గింది. చివరికి కదలడం మానేసి మొద్దులా నిలబడింది. ఎస్తేరు పళ్ళ బిగువున తోస్తూనే ఉంది. చెప్పు తెగింది. తెగిన చెప్పుని అవతల పడేసి మళ్ళీ తోసింది.

“ఏంటక్కా ఇది? ఒక్కళ్ళం తోస్తే ఊగింది. ఇద్దరం తోస్తుంటే చచ్చినట్టు పడుందేంటి?” అన్నాడు బంగార్రాజు రొప్పుతూ.

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, ఎక్కడ విన్నదో ఆలోచించే తీరిక ఎస్తేరుకి లేదు. అప్పుడు మాస్టారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

“ఎస్తేరూ, నువ్వు పక్కకు రామ్మా.”

ఆమె మొహం చిన్నబోయింది. చేతులు దులుపుకుని పక్కకు జరిగింది. బంగార్రాజు ఒక్కడే తోశాడు. కారు కొద్దిగా ఊగింది, ఇంకా ఊగింది, ఊపు అందుకుంది. మాస్టారు గేరు వేశారు. గుంటలోంచి కారు ఒక్క ఉదుటున లేచి, గట్టి నేల మీదికి పోయి నిలబడింది. ఇంత సేపు తను ఒళ్ళు హూనం చేసుకుని చేసిందంతా కారుకి అడ్డుపడడమేనా అనుకునేసరికి ఎస్తేరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముగ్గురూ కారు చుట్టూ చేరి పొట్లాలు విప్పారు. బంగార్రాజు నోటి నిండా మరమరాలు వేసుకుని, “అక్కా, నీ వంతు వచ్చేసరికి కారు ఎప్పుడూ వెనక్కే వస్తోంది కదా. నువ్వు దాన్ని ఆపేస్తున్నావు. నాతోపాటే తోసుంటే ఎప్పుడో బయటపడేవాళ్ళం,” అన్నాడు.

ఎస్తేరు తినడం ఆపింది. తను బలాన్ని కాలంతో కూడుకుంటూ పోయింది గానీ, ఆ క్షణంలో కారు ఎటు పోతోందో చూడలేదు. ముందుకి పోయేటప్పుడు తోసింది కూడికలోకి వస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు తోసింది తీసివేతలోకి పోతుంది. అంటే మామూలు యాంత్రికశాస్త్రంలోనూ కూడితే పోతుందన్నమాట. ఇది తెలిసినందుకు తేలికపడాల్సింది పోయి, ఆమె ఇంకా తికమకపడింది. ఇప్పటిదాకా ఒక్క లెక్కే అర్థం కాలేదు, ఇప్పుడు రెండయ్యాయి. పైగా మాస్టారు తనని పక్కకు రమ్మన్నారు. రమ్మన్నాకే కారు కదిలింది. దానికి అర్థం ఏమిటి?

“నేను తప్పుకుంటేనే కదండీ కారు బయటికొచ్చింది. అంటే రెండో ముక్క తీసెయ్యమనేగా మీరు చెప్పేది?” అంది. అడిగేటప్పుడు, అవునంటే బాగుండునని సగం, కాదంటే బాగుండునని సగం అనిపించింది.

మాస్టారు మరమరాల్లోంచి ఒక పచ్చిమిరప ముక్క ఏరి పక్కన పడేశారు.

“పక్కకు రమ్మన్నది కారు ఇంటికి చేరాలని. అయితే ఇవాళ ఇక్కడ ఏం జరిగిందో రాయమంటే, బంగార్రాజు ఒక్కడే తోశాడని రాస్తావా?”

ఎస్తేరు తన అరచేతులు చూసుకుంది. డిక్కీ అంచు ఒత్తుకుని ఎర్రగా గీత పడి ఉంది, మంట ఇంకా తగ్గలేదు. ఆ చేతుల్తో తోయలేదని ఎవరన్నా అంటే ఆమె ఒప్పుకోదు. అలాగని ఆ తోపుకి కారు కదిలిందీ లేదు. రెండూ నిజమే. రెండూ కలిసి ఎలా నిజమవుతాయో మాత్రం ఆమె బుర్రకి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. అయినా కారులోంచి అధ్యాయం తీసి, బానెట్ మీద పరిచి, స్వల్పం కనుక వదిలేశామన్న వాక్యాన్ని కొట్టేసింది. కొట్టెయ్యగానే కింద లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. రెండు దార్లు, రెండు సమాకలనాలు, మొత్తం సున్నా.

కాగితం మాస్టారి ముందుకి జరిపింది గానీ చెయ్యి తియ్యలేదు.

“సున్నా పట్టుకుని వెళితే, రెండేళ్ళలో ఏం చేశావని అడుగుతారు మాస్టారూ,” అంది.

మాస్టారు ఆమె చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, సున్నా కింద సంతకం పెట్టారు. కలానికి మూత పెట్టి జేబులో వేసుకున్నారు.

“కారు కదలనంతసేపూ నువ్వు తోస్తూనే ఉన్నావు కదమ్మా,” అన్నారు.