నతానియేలు ప్రార్థనలో అమ్మ

అనగనగా గోదావరి మధ్యన ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో నతానియేలు అని ఒక పెద్దాయన. తుంగచాపలు అల్లేవాడు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు.

ఆయనకి భార్య లేదు, పాపం. తీతు అని ఒక్కడే కొడుకు. ఆ తీతుకి ఏటి అవతలి ఊరి నుంచి కృపావతి అనే పిల్లని తెచ్చి పెళ్ళి చేశారు. ఆ పిల్ల తండ్రి గుడిలో ఉపదేశి, ఆదివారం వాక్యం చెప్పే ఆయన. అందుకని ఆ పిల్లకి వాక్యమంతా నోటికొచ్చు. కోపం కూడా ముక్కు మీదే ఉండేదనుకో.

ఆ ఇంట్లో దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన. నతానియేలు గోడకేసి తిరిగి మోకరించేవాడు. ఆ గోడకి చనిపోయిన వాళ్ళమ్మ ఫోటో ఉండేది. ఆయన అందరినీ పేరుపేరునా తల్చుకునేవాడు. తీతుని కాపాడు ప్రభువా అనేవాడు. పడవ నడిపే సత్యానందాన్ని కాపాడు అనేవాడు. ఈనబోయే గేదెని కూడా కాపాడమనేవాడు. ఆఖర్న గొంతు తగ్గించి, "మా అమ్మని చల్లగా చూడు తండ్రీ" అనేవాడు.

కృపావతి చెవులు రిక్కించి వినేది. తన పేరు రాలేదు. సర్లే, కొత్త కదా అనుకుంది. ఆ తర్వాత నెల గడిచింది, గేదె ఈనింది, దూడ కూడా ప్రార్థనలోకి వచ్చింది. తన పేరు మాత్రం రాలేదు. అప్పుడు చూడు, ఆ పిల్లకి కడుపు రగిలిపోయింది. ప్రభువు దగ్గర సుఖంగా ఉన్న ముసలమ్మకి రోజూ ప్రార్థనా? బతికుండి వండిపెడుతున్న నేను దూడపాటి చెయ్యనా? అనుకుంది.

అప్పటినించీ ఆ ఇంట్లో చల్లదనం పోయింది. మొదట మామగారికి ఆరిపోయిన అన్నం పెట్టింది. ఆ తర్వాత స్నానానికి నీళ్ళు కాచడం మానేసింది. ఆ తర్వాత ప్రార్థనకే రాకుండా పొయ్యి దగ్గర కూర్చుంది. ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి ఆ పిల్లకి ఇంకా ఒళ్ళు మండింది. మధ్యలో తీతు అడకత్తెరలో పోకచెక్కయ్యాడు.

ఒకరోజు పొద్దున్నే కృపావతి బట్టలు మూట కట్టేసింది. పుట్టింటికి పోతాను, మళ్ళీ రాను అంది. తీతు బతిమాలాడు, వినలేదు. వాకిట్లో మామగారు చాప అల్లుతున్నాడు. పోయేముందు కడుపులో మాట కక్కేద్దామని ఆయన ముందు నిలబడింది.

"మామయ్యగారూ, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదని మా నాన్న చెప్తారు. మీరేమో రోజూ మీ అమ్మగారి కోసం చేస్తున్నారు. ఇదేం పద్ధతండీ?"

ఆయన తుంగ కింద పెట్టి తెల్లబోయి చూశాడు.

"మా అమ్మ ఎప్పుడో ప్రభువు దగ్గరికెళ్ళిపోయింది గదమ్మా. ఆవిడకి నా ప్రార్థనెందుకు?"

"మరి 'మా అమ్మని చల్లగా చూడు' అంటారుగా?"

"అది నువ్వే గదమ్మా" అన్నాడాయన.

అప్పుడాయన ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే ఆడాడు.

"తీతు పుట్టిన నాలుగో రోజునే వాళ్ళమ్మ పోయింది. ఆరోజు మోకరించి అడిగాను. ఈ ఇంటికి అమ్మలా రాబోయే బిడ్డ ఎక్కడ పుడుతుందో నాకు తెలీదు, నీకు తెలుసు, చల్లగా చూడు తండ్రీ అని. పేరు తెలీదు గదా, మా అమ్మ అన్నాను. ఇరవై ఆరేళ్ళు అలాగే అన్నాను. నువ్వొచ్చాక మార్చబుద్ధి కాలేదు."

ఇరవై ఆరేళ్ళు. కృపావతికి ఇరవై మూడు. అంటే బంగారం, తను తల్లి కడుపులో పడకముందే, ఏటి ఇవతల ముక్కూ మొహం తెలియని మనిషి తన కోసం రోజూ మోకరించాడన్నమాట.

అప్పుడు కృపావతికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూడేళ్ళప్పుడు కాలవలో పడితే, దారినపోయే బండివాడు జుట్టు పట్టుకుని పైకి లాగాడు. తొమ్మిదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి డాక్టరే ఆశ వదులుకుంటే, తెల్లారేసరికి లేచి గంజి అడిగింది. పదిహేనేళ్ళప్పుడు గాలివానకి ఇంటి దూలం విరిగింది, పడ్డది మాత్రం పక్కకి పడింది. ప్రతిసారీ వాళ్ళమ్మ "ఎవరి పుణ్యమో బతికావే" అనేది. ఆయన ప్రార్థనకే బతికిందా అంటే నాకేం తెలుసు, ఆ పైవాడికే తెలియాలి. నాకు మటుకు తల్చుకున్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

రేవులోంచి సత్యానందం పడవ కదులుతోందని కేకేశాడు. కృపావతి మూట తీసుకెళ్ళి లోపల పెట్టేసింది.

ఆ సాయంత్రం ప్రార్థనకి వచ్చి కూర్చుంది. ఆయన తల్చుకున్న పేర్లన్నీ వింది. అప్పుడు మెల్లిగా అడిగింది, "మామయ్యగారూ, మరి మీ కోసం ఎవరు చేస్తారు?"

"తీతు వాళ్ళమ్మ చేసేది" అన్నాడాయన.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన పేరు దేవుడికి చెప్పినవాళ్ళే లేరు. తీతు తల దించుకున్నాడు. కృపావతి మోకరించింది.

"తండ్రీ, ఈ నతానియేలు మా నాన్న. ఆరిపోయిన అన్నం పెట్టినా నన్నేం అనలేదు. నన్ను క్షమించు. ఈయన్ని నాకు ఇంకా చాలా ఏళ్ళు ఉంచు" అంది.

నతానియేలు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ తియ్యలేదు. వాళ్ళిద్దరూ లేవకుండా ఆయన పక్కనే ఉండిపోయారు.

ఇంక కళ్ళు మూసుకో నా తల్లీ.

కథ కదిలి కంచికి, మనం మళ్ళి ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి, నీ పేరేమో నా నోటికి.