సగమే దొరికిన ముళ్ళు

అనగనగా ఒక అడవిలో ఎర్రమట్టి గట్టు ఒకటి ఉండేది. పొద్దు వాలాక ఆ గట్టు మీద ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఎందుకో చెబుతాను.

ఆ గట్టు కింద బొరియలో ఒక ముసలి ముళ్ళపందుల జంట ఉండేది. అమ్మమ్మ పేరు కొండమ్మ. తాత పేరు బోడన్న. వయసు మీదపడి వీపు మీది ముళ్ళు రాలిపోయాయని అడవంతా అతన్ని అలా పిలిచేది. అసలు పేరు కొండమ్మకు కూడా గుర్తులేదు.

వాళ్ళ కూతురు రేల. వాగు అవతల ఉండేది. భర్త వేటగాళ్ళ ఉచ్చులో పడి చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, మంకెన, గోగు. ఒకరోజు సాయంత్రం రేల పిల్లలిద్దరినీ అమ్మ దగ్గర దింపింది. దుంపలు తవ్వుకుని వస్తానని వెళ్ళింది. తిరిగి రాలేదు.

తెల్లవారాక కొండమ్మ, బోడన్న వెతుకుతూ వెళ్ళారు. వాగు ఒడ్డున ఇసుక చెదిరి ఉంది. అక్కడ రేల తోక ముళ్ళు పడి ఉన్నాయి. రేల లేదు.

ముళ్ళపంది తోకలో డొల్ల ముళ్ళు ఉంటాయి. నడిస్తే అవి మోగుతాయి. ఒక్కొక్కరి చప్పుడు ఒక్కో రకం. పిల్లలు తల దించుకుని తల్లి చప్పుడు వెంట నడుస్తారు. ముందు ఎవరున్నారో చూడరు. చూడాల్సిన పని ఉండదు. రేల చప్పుడు ఎండిన చింతకాయలు కదిలించినట్టు ఉండేది.

కొండమ్మ ముళ్ళను ఏరింది. సగమే ఉన్నాయి.

"మిగతా సగం ఏవి?" అన్నాడు బోడన్న.

కొండమ్మ ఇసుకను మళ్ళీ కెలికింది. ఇంకేమీ దొరకలేదు.

ముళ్ళపందులకు ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ ముళ్ళను ఆ రోజే మట్టిలో పూడ్చాలి. పిల్లల్ని పక్కన నిలబెట్టి, ఈ చప్పుడు ఇక వినపడదు అని చెప్పాలి. బోడన్న గొయ్యి తవ్వబోయాడు. కొండమ్మ వద్దంది. ముళ్ళను నోట కరుచుకుని ఇంటికి తెచ్చి ఎండుటాకుల కింద దాచింది. పిల్లలతో, మీ అమ్మ దూరం వెళ్ళింది, వస్తుంది అని చెప్పింది.

పెద్దది మంకెన ఏమీ అడగలేదు. చిన్నది గోగు మాత్రం పొద్దు వాలితే చాలు, ఏడుపు అందుకునేది.

కొండమ్మకు ఆ పిల్లలంటే ప్రాణం. గోగు మూతిలో ఇంకా పాలవాసన ఉండేది. అది నిద్రపోయాక కొండమ్మ ఆ మూతి దగ్గరే ముక్కు పెట్టుకుని పడుకునేది. మెలకువ రాగానే అదే మూతి తనను దుంప అడిగేది, నీళ్ళు అడిగేది, అమ్మను అడిగేది. కొండమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈ వయసులో ఎండలో పడుకుని, ఒక్క వేరుముక్కను పూటంతా నమలాలనుకుంది. అంతకన్నా ఏమీ కోరలేదు. కొన్నిసార్లు చచ్చిపోయిన కూతురి మీదే కోపం వచ్చేది. నా మీద పడేసి పోయింది అనుకునేది. అనుకుని, ఆ మాట ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసేది.

బోడన్నను ఒకసారి అడిగింది, నీకేం అనిపించదా అని.

"ముసలితనంలో మళ్ళీ పిల్లలు పుట్టినట్టుంది," అన్నాడు బోడన్న. "సంతోషంగా ఉంది. నడుం మాత్రం నన్ను తిడుతోంది."

ఒక సాయంత్రం గోగు ఏడుపు ఎంతకీ ఆపలేదు. కొండమ్మ దాచిన ముళ్ళు తీసింది. బొరియ వెనక నుంచి బయటికి వెళ్ళి, వాటిని పళ్ళతో పట్టి ఊపింది.

ఎండిన చింతకాయల చప్పుడు.

లోపల ఏడుపు ఆగిపోయింది.

కొండమ్మ ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చి, మీ అమ్మ వచ్చి చూసి వెళ్ళింది, బయటికి వస్తే మళ్ళీ రాదట, పడుకోండి అంది. గోగు నవ్వుకుంటూ నిద్రపోయింది. మంకెన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. బోడన్నకు అంతా తెలుసు, అయినా అటు తిరిగి పడుకున్నాడు. అతనికీ నిద్ర కావాలి.

అప్పటినుంచి రోజూ పొద్దు వాలగానే కొండమ్మ వెళ్ళి ముళ్ళు ఊపేది. ఇల్లు నిమ్మళించేది.

వారం గడిచింది. ఒక సాయంత్రం కొండమ్మ ముళ్ళు ఊపి ఆపింది. ఆపాక కూడా చప్పుడు వినిపించింది. వాగు అవతల నుంచి. సన్నగా. ఎండిన చింతకాయలు కదిలించినట్టు.

కొండమ్మ వీపు మీది ముళ్ళు లేచి నిలబడ్డాయి. అవతలి ఒడ్డుకు తగిలి వెనక్కి వచ్చిన తన చప్పుడేలే అనుకుంది.

రెండో రోజు అది వాగు ఇవతల మోగింది. కొండమ్మ భయపడలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, సంతోషపడింది. రేల ఎక్కడో ఉందేమో అనుకుంది. ఉంటే పిల్లల్ని తీసుకుపోతుంది, తను ఎండలో పడుకోవచ్చు అని కూడా అనుకుంది. అందుకే ముళ్ళను మళ్ళీ ఊపింది. ఇటు రా అన్నట్టు.

మూడో రోజు కొండమ్మ బయటికి వెళ్ళలేదు. ముళ్ళు ఆమె పొట్ట కింద ఉన్నాయి. పక్కన పిల్లలు. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. బొరియ ముందర చప్పుడు మోగింది.

గోగు లేచింది. తల దించుకుంది. చప్పుడు వైపు నడిచింది.

మంకెన అమ్మమ్మ పొట్ట కింద ముళ్ళను చూసింది. బయటి చప్పుడు విన్నది.

"నీ దగ్గర ఇవి ఉంటే, బయట మోగేది ఏంటి అమ్మమ్మా?" అంది.

కొండమ్మ ముళ్ళను నోట కరుచుకుని, గోగు వెనకే పరిగెత్తింది.

బయట చిరుతపులి నిలబడి ఉంది. బక్కచిక్కిపోయింది. దాని మెడలో రేల తోక ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. మిగతా సగం. అది ఊపిరి పీల్చినప్పుడల్లా అవి మోగుతున్నాయి. గోగు తల దించుకునే దాని వైపు వెళుతోంది.

"నేను పిలవలేదు," అంది చిరుత మెల్లగా. "ఇవి ఊడి రావడం లేదు, అంతే. నడిస్తే మోగుతాయి. వేటాడదామంటే అందరూ ముందే విని పారిపోతున్నారు. ఈ గట్టు నుంచి మాత్రం రోజూ ఎవరో బదులు పలికారు. అలా దారి తెలిసింది."

కొండమ్మ ముళ్ళను గట్టిగా ఊపింది. గోగు ఆగింది. ముందూ అమ్మ చప్పుడే. వెనకా అమ్మ చప్పుడే. ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. చిరుత ఒక అడుగు వేసింది.

అప్పుడు కొండమ్మ ముళ్ళను నేల మీద పడేసింది.

"గోగూ. అది అమ్మ కాదు. ఇదీ అమ్మ కాదు. ఇన్నాళ్ళూ వచ్చింది నేనే."

గోగు తల ఎత్తలేదు. "అమ్మ ఏది?" అంది.

"లేదు. ఆ రోజే పోయింది. నీకు అబద్ధం చెప్పాను."

గోగు తల ఎత్తింది. మొదటిసారి ఎదురుగా ఉన్నదాన్ని చూసింది. చూసి, గిరుక్కున వెనక్కి తిరిగి, తనకున్న ఆ కాసిని చిట్టి ముళ్ళను చిరుత వైపు నిక్కబొడిచింది. కొండమ్మ వచ్చి దాని పక్కన వీపు తిప్పి నిలబడింది. మంకెన ఇంకో పక్క. ఒక్క ముల్లు కూడా లేని బోడన్న కూడా వచ్చి, ఎన్నో ముళ్ళు ఉన్నవాడిలా తన నున్నటి వీపు తిప్పాడు.

చిరుత వాళ్ళను చాలాసేపు చూసింది. మెడ నొప్పి గుర్తొచ్చినట్టుంది. మళ్ళీ వాగు వైపు నడిచింది. రేల చప్పుడు దూరమవుతూ, దూరమవుతూ పోయింది. ఈసారి అమ్మ నిజంగానే వెళ్ళిపోతున్నట్టు గోగు ఏడ్చింది. కొండమ్మ ఆపలేదు. తనూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున బోడన్న గొయ్యి తవ్వాడు. సగం ముళ్ళను పూడ్చారు. ఈ చప్పుడు ఇక వినపడదు అని చెప్పడం ఆచారం. కొండమ్మ అలా చెప్పలేకపోయింది.

"మళ్ళీ వినపడుతుంది," అంది. "వినపడితే అది అమ్మ కాదు. తల ఎత్తి చూడండి."

గోగు మూడు రోజులు అమ్మమ్మతో మాట్లాడలేదు. నాలుగో రోజు సాయంత్రం వాగు అవతల ఎండిన చింతకాయలు కదిలాయి. గోగు వచ్చి కొండమ్మకు ఆనుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, మేం లేకపోతే నీకు బాగుండేదా?"

కొండమ్మ ఈసారి ఆలోచించి చెప్పింది. "కొన్ని పూటలు అలా అనిపిస్తుంది."

"ఈ పూట?"

"ఈ పూట అనిపించలేదు."

గోగు తల ఊపింది. ఇద్దరూ తలలెత్తి వాగు వైపు చూస్తూ కూర్చున్నారు. చప్పుడు కాసేపు మోగి ఆగిపోయింది. అది ఎటు నుంచి వస్తుందో వినాలి కాబట్టి, అప్పటినుంచి పొద్దు వాలాక ఆ గట్టు మీద ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

నీతి: ఏడుపు ఆపడానికి చెప్పిన అబద్ధాన్ని నమ్మిన పిల్లలు, ఆ గొంతుతో ఎవరు పిలిచినా వెళ్ళిపోతారు. నిజం చెప్పి, వాళ్ళ పక్కన కూర్చుని ఏడవండి.