చంటమ్మ కొడుకులూ, దిగని విమానమూ

కొత్తలంకలో చంటమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దాడు గవర్రాజు, రెండోవాడు నూకరాజు, మూడోవాడు అబ్బులు. థర్మాకోల్ కోసి పెళ్ళి మండపాల మీద పేర్లు అతికించడం వాళ్ళ పని. "చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి ఈ జిల్లా మొత్తం మీద మావాళ్ళకే ఉంది" అని చంటమ్మ కుళాయి దగ్గర రోజూ చెప్పుకునేది. అబద్ధమేం కాదు. ఒకసారి ఎవరో కాగితం మీద "సుజాత, బాగా పెద్దగా" అని రాసిచ్చారు. అంతే, ముగ్గురూ కూచుని "సుజాత, బాగా పెద్దగా" అని ఎర్రక్షరాలు కోసి మండపానికి తగిలించారు. ఆ పెళ్ళికూతురు వారం రోజులు అత్తారింటికి వెళ్ళనంది.

ఇంత తెలివుండీ ఏం లాభం? గవర్రాజుకి ముప్పై ఆరేళ్ళొచ్చినా పిల్ల కుదర్లేదు. పెళ్ళిచూపుల్లో ఎవరైనా "మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి" అంటే చాలు, చొక్కా విప్పేసి చాప పరుచుకుని పడుకునేవాడు. ఇంకేముంది, ఆ సంబంధం అక్కడితో సరి.

చివరికి తులసీరత్నం సంబంధం వచ్చింది. వాళ్ళ నాన్న కామేశం మాస్టారు బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు థర్మాకోల్‌తో రిమోట్ విమానాలు చేసి ఎగరేసుకుంటున్నాడు. పదిమంది పెద్దల ముందు ఆయన ఒక షరతు పెట్టాడు.

"ఇదిగో జెట్ విమానం ప్లాను. మోటారు, బ్యాటరీ, రిమోట్ ఈ అట్టపెట్టెలో ఉన్నాయి. ఆదివారం పొద్దున్న నువ్వు చేసిన విమానం కాలువ దాటితే మా అమ్మాయి నీ భార్య. దాటకపోతే మా గుమ్మం ఎక్కొద్దు. ఇంకో మాట. ఎగరేశాక అది నేల మీద దిగేదాకా రిమోట్ చేతిలోంచి వదలొద్దు."

గవర్రాజు తలుపు వైపు చూశాడు. తలుపు చాటునుంచి తులసీరత్నం నవ్వింది. ఆ పూట నుంచి వాడికి అన్నం సయించలేదు, పాపం. ఈ పిల్ల తప్పిపోతే తన బతుకింక బ్రహ్మచారి బతుకేనని వాడికీ తెలుసు.

ఇంటికొచ్చి ప్లాను పరిచారు. కుడి రెక్క ఒక్కటే గీసుంది. పక్కన "ఎడమ రెక్క అద్దంలో చూసినట్టు" అని రాసుంది. వెంటనే చంటమ్మ నిలువుటద్దం గోడ మీంచి దించేశారు. కుడి రెక్క కోసి, విమానానికి అతికించి, పక్కన అద్దం ఆనించారు. చూస్తే నిజంగానే రెండు రెక్కలు.

"సగం కష్టం తప్పింది" అన్నాడు నూకరాజు.

"ఎగిరేటప్పుడు అద్దం ఎవర్రా పట్టుకునేది?" అంది చంటమ్మ.

"అబ్బులు పట్టుకుని కింద పరిగెడతాడు."

"నాకు ఈత రాదన్నయ్యా. కాలువ ఎలా దాటను?" అన్నాడు అబ్బులు.

పెద్ద చిక్కే వచ్చింది. వారంలో ఈత నేర్పడం కుదరదని తేల్చుకుని, ఆ ఒక్క కారణంతో ఎడమ రెక్క కూడా కోశారు.

"అతుకు ఆరేదాకా చేత్తో గట్టిగా పట్టుకోవాలి" అని రాసుంది. జిగురు పూసి ముగ్గురూ పట్టుకున్నారు. గంట గడిచింది. "ఆరిందంటావా?" అన్నాడు అబ్బులు. "చెయ్యి తీసి చూస్తే తెలుస్తుంది" అన్నాడు నూకరాజు. "ఆరకుండా చెయ్యి తియ్యకూడదుగా" అన్నాడు గవర్రాజు. అలా సాయంత్రం దాకా కూచున్నారు. జిగురు భేషుగ్గా ఆరింది, ఆరు అరచేతులతో సహా. చంటమ్మ ముగ్గురికీ ముద్దలు కలిపి నోట్లో పెట్టి, వేణ్ణీళ్ళు పోసి ఒక్కొక్క చెయ్యే ఊడదీసింది.

శనివారం ఒకసారి ఎగరేసి చూద్దామనుకున్నారు. "గాలికి ఎదురుగా విసరాలి" అని రాసుంది. ఆ రోజు ఆకు కదిలితే ఒట్టు. పెళ్ళిపందిళ్ళలో పెట్టే పెద్ద స్టాండు ఫ్యాను పక్క షాపులో అడిగి తెచ్చి పెరట్లో నిలబెట్టారు. గాలి బ్రహ్మాండంగా వచ్చింది. దానికి ఎదురుగా గవర్రాజు బలంకొద్దీ విసిరాడు. ఇంకేముంది, జెట్టు తిన్నగా వెళ్ళి ఫ్యాన్లో దూరింది. పెరడంతా తెల్లటి ముక్కలు.

"ఎంత బాగా ఎగిరిందో, ఇంకా ఎగురుతూనే ఉంది" అని చంటమ్మ మురిసిపోయింది. గవర్రాజు మాత్రం ఏడుస్తూ మాస్టారి దగ్గరికి పరిగెత్తాడు.

ఆయన పిల్లలు లేని మనిషి కాదు కదా, జాలిపడ్డాడు. "ఏడవకు. ముక్కలన్నీ ఏరి అతికిస్తే సరి. మొదట ఎలా ఉందో అలా చేసి పట్టుకురా" అన్నాడు.

ముగ్గురూ ముక్కల చుట్టూ కూచున్నారు. "మొదట ఎలా ఉందిరా?" అన్నాడు గవర్రాజు. "మొదట థర్మాకోల్ షీటు కదా, మనమేగా కొన్నాం" అన్నాడు అబ్బులు. నిజమే అనుకున్నారు. పొద్దుగూకేలోగా ముక్కలన్నీ అతికించి నాలుగు మూలల షీటు చేసేశారు. మోటారూ బ్యాటరీ మొదట అట్టపెట్టెలో ఉన్నాయి కాబట్టి అట్టపెట్టెలోనే పెట్టేశారు.

ఆదివారం కాలువ గట్టు మీద ఊరంతా చేరింది.

"విమానమేదయ్యా?" అన్నాడు మాస్టారు.

"ఇదేనండి. మొదట ఇలాగే ఉంది."

జనం పడీ పడీ నవ్వారు. మాస్టారు కండువా దులుపుకుని వెనక్కి తిరిగాడు.

"విసరనీ నాన్నా. నువ్వు చెప్పిందే కదా చేశాడు" అంది తులసీరత్నం.

గవర్రాజు రెండు చేతులా రిమోట్ పట్టుకున్నాడు. తమ్ముళ్ళు షీటు విసిరారు. సరిగ్గా అప్పుడే పెద్ద గాలి లేచింది. షీటు పైకెళ్ళి, కాలువ దాటి, అవతల కొబ్బరితోట దాటి, కనపడకుండా పోయింది. మాస్టారు అక్కడికక్కడే పెళ్ళికి ఒప్పుకున్నాడు. పెద్దల ముందు ఇచ్చిన మాట, ఏం చేస్తాడు?

"పోయి పోయి వీణ్ణేంటే చేసుకునేది?" అని స్నేహితురాళ్ళు అడిగితే తులసీరత్నం, "చెప్పింది చెప్పినట్టు చేసే మొగుడు మీలో ఎవరికి దొరికాడో చెప్పండి" అంది.

మూడు వారాలకి పెళ్ళి. మండపం మీద పేర్లు అన్నదమ్ములే కోశారు. "గవర్రాజు, తులసీరత్నం, తప్పుల్లేకుండా" అని, మాస్టారు రాసిచ్చినట్టే. పెళ్ళికొడుకు పీటల మీద కూచున్నాడు, చేతుల్లో రిమోట్.

"అది పక్కన పెట్టి తాళి అందుకో నాయనా" అన్నాడు పురోహితుడు.

"కుదరదండి. విమానం ఇంకా దిగలేదు."

"ఎప్పుడు ఎగిరిందీ?"

"మూడు వారాలైందండి."

"ఎక్కడో దిగే ఉంటుందయ్యా" అని మాస్టారు తల బాదుకున్నాడు.

"నేను చూళ్ళేదు మాస్టారూ. దిగేదాకా వదలొద్దని మీరే అన్నారు."

ముహూర్తం దాటిపోతోంది. షీటు ఎక్కడ దిగిందో చూసొస్తామని తమ్ముళ్ళిద్దరూ సైకిలెక్కి పోయారు. పురోహితుడు గడియారం చూస్తున్నాడు. తులసీరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పళ్ళెంలోంచి తాళి తనే తీసి అతని వేళ్ళకి తగిలించింది. "నువ్వేం వదలొద్దు. రిమోట్ పట్టుకునే కట్టు" అంది.

అంతే. గవర్రాజు రిమోట్ వదలకుండా కట్టాడు. బాజాలు మోగాయి, అక్షింతలు పడ్డాయి. బాజాలు ఆగాక తులసీరత్నం తలెత్తింది. మెడలో పసుపుతాడు, తాడుకి ముందు సూత్రాలు, వెనక మూడు ముళ్ళూ గట్టిగా పడి వేలాడుతున్న రిమోట్.

చంటమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని పక్కావిడతో అంది.

"చూశారా వదినా? వదలొద్దంటే ఏకంగా ముడేసేశాడు. మావాళ్ళ తెలివి గురించి ఎంత చెప్పినా మీరు నమ్మేవారు కాదు."