వంగిన వంతెన, పల్లాలమ్మ తల్లి

నల్లగెడ్డ వాగు మీద ఈ వేలాడే వంతెన ఇప్పుడు ఇనుప తాళ్ళది. రెండు ఒడ్డుల రాతి స్తంభాలు, నడుమ చెక్క పలకలు. మధ్యలో రెండు నిలువుల లోతు కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు కింద, గెడ్డలోని బండ మీద పల్లాలమ్మ తల్లి వెలసి ఉంది. ఆ వంపు కట్టినవారికి చేతకాక వచ్చింది కాదు. భక్తులు నవ్వవద్దు.

పూర్వం ఇక్కడ అడ్డతీగ నారతో పేనిన తాళ్ళ వంతెన ఉండేది. పేనినవాడు తల్లి పూజారులమైన మా వంశానికి మూలపురుషుడు సూరన్న. అమ్మవారిని అప్పుడు కొండమ్మ అనేవారు. ఏటా పల్లకీలో అవతలి ఒడ్డుకు దాటించేవారు. సూరన్న కూతురు చిలకమ్మ ముందు ఘటం ఎత్తుకునేది.

ఒక ఏడు, ఈ ఊళ్ళను ఏలే ముఠాదారుకు ఆ తాళ్ళ వంతెన వంపు నామోషీ అనిపించింది.

"అమ్మవారు ముసలిదానిలా దిగి ఎక్కడమేమిట్రా? తాళ్ళు బిగించు. తిన్నగా రావాలి."

"బాబూ, తాడు వేలాడితేనే బరువు మోస్తుంది. బిగించినకొద్దీ లాగుడు పెరిగి తెగుతుంది."

"పేనేవాడివి పేను. నాకు పాఠాలు చెప్పకు."

సూరన్న రెండోసారి చెప్పలేదు. బిగించాడు.

పండుగనాడు చిలకమ్మ ఒడ్డున నిలబడి "నాన్నా, నడవనా?" అని అడిగింది. ముఠాదారు చూస్తున్నాడు. సూరన్న తల ఊపాడు. "మా నాన్న పేనిన తాడు, నాకేం భయం" అని ఆ పిల్ల ఎక్కింది. వెనుక పల్లకీ ఎక్కగానే తాడు తెగింది. బోయీలు తెగిన తాళ్ళు పట్టుకుని బతికారు. అమ్మవారి విగ్రహం బండ మీద నిలిచింది. పక్కనే చిలకమ్మ. ప్రాణం లేదు.

ముఠాదారు వంశంవారు వేయించిన రాతిపలకలో వరద వచ్చిందని ఉంది. ఆ రోజు చినుకు కూడా పడలేదు. ఆ పలక చదవవద్దు.

తొమ్మిది రోజులు అన్నం ముట్టని సూరన్నకు అమ్మవారు కలలో కనబడి, "వంగడం నాకు చిన్నతనమని నేను చెప్పానా? నన్ను ఈ పల్లంలోనే ఉంచు. వంపు పెట్టి కట్టు" అన్నది.

"నా బిడ్డనియ్యి తల్లీ" అన్నాడు సూరన్న.

కల చెదిరింది.

అతడు కట్టాడు. ఆనాటి నుండి ఆమె పల్లాలమ్మ.

నేటికీ ఏటా ఘటం ఎత్తిన పిల్ల తండ్రి ముందు తాను వంతెన దాటి, తిరిగి వచ్చి, "నడు తల్లీ" అని నోటితో అనాలి. తల ఊపితే చెల్లదు. అనకపోతే ఎంతటివారు కాచుకున్నా డప్పు మోగదు. తల్లిని కొలిచిన ఇంటినుండి దారి వెళ్ళినవారు క్షేమంగా చేరతారు.

చిలకమ్మకు వంపు దగ్గర పచ్చగాజులు గెడ్డలో వదులుతారు. ఆమెకు పన్నెండేళ్ళు. ఆ చేతికి పట్టేవే తేవాలి. పెద్దవి తేవద్దు.