బండి విప్పిన ఏడాది

ఓబుళపతికి బోధ కావాలి. అచల మార్గంలో గురువును పట్టుకున్నవాడికి అన్నిటికన్నా చివర అందేది పరిపూర్ణ బోధ. గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆ నాలుగు మాటలూ చెప్పి పంపిస్తాడు. తనకన్నా ఎంతో వెనక వచ్చి చేరినవాళ్ళు ఆ మాటలు అందుకొని పోయారు. ఓబుళపతి మాత్రం ప్రతి పున్నమికీ వచ్చి, తత్వాలు పాడి, అందరితోపాటు అన్నం తిని, వచ్చిన దోవనే తిరిగి పోతున్నాడు.

గురువు పేరు కుళ్ళాయప్ప. కదిరి పక్క పల్లెలో మగ్గం నేసుకొని బతికే ముసలాయన. కాషాయం లేదు, గడ్డం లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే శిష్యులు గట్టు మీద కూర్చొని అడిగేది అడుగుతారు. ఓబుళపతి అడిగినప్పుడల్లా ఆయన దారపు నాడె అటూ ఇటూ విసురుతూనే ఒకటే చెప్పేవాడు.

"నీకు ఓర్పు లేదప్పా."

ఆ మాట ఓబుళపతికి అరికాలి ముల్లయింది. నిజానికి అతని బతుకే అట్లాంటిది. రైతులకు బోర్లు వేయించే ఏజెంటు. ఒక పాయింటులో నీళ్ళు పడకపోతే బోరుబండిని పక్క పాయింటుకు జరపమంటాడు. అక్కడా పడకపోతే పక్క చేనికి. ఒకచోట నిలబడి ఆలోచించే అలవాటు లేదు. "ఓర్పంటే ఏందో ఈయనకు చూపిస్తా" అని పట్టుబట్టాడు.

చూపించడానికి ఇంట్లోనే ఒకటి దొరికింది. పశువుల కొట్టంలో పడివున్న డీజిలు బండి. ఏడుమంది కూర్చునేది, ఎత్తుగా, ఎద్దు మూపురంలాంటి బానెట్టుతో ఉండేది. ఆ చుట్టుపక్కల బోరుపడిన ప్రతి చేనికీ అది ఎక్కి దిగింది. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటాక మీటరు కూడా తిరగడం మానేసింది. కిందటేడు ఒకనాడు రోడ్డు దిగిపోయి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ముందు భాగం నుజ్జయింది. నడిపిన దస్తగిరిని ఆ రోజే పనిలోంచి తీసేశాడు. బండిని ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చి కొట్టంలో పడేశాడు.

"పాత ఇనుముకు వేసేయ్ మామా. కొత్తది తీసుకుందాం" అన్నాడు అల్లుడు.

"వేసేయడం ఎవడైనా చేస్తాడు" అన్నాడు ఓబుళపతి.

ఆ మరునాటి నుంచి కొట్టమే అతని ఇల్లయింది. ఆవుల్ని బయట కట్టేశాడు. బండిని ముక్కముక్కగా విప్పి గోతాల మీద పరిచాడు. తెలియనిది మెకానిక్కుల దగ్గర కూర్చొని తెలుసుకున్నాడు. తుప్పు పట్టిన రేకును గీకి, కోసి, అతికించాడు. విరిగిన తలుపు పిడి కోసం పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి, దొరకక, చివరికి పోత పోయించాడు. ఏ ముక్కనూ చూడగానే పనికిరాదనలేదు. ముందు కడిగి, తుడిచి, వెలుగులో పెట్టి చూసేవాడు.

"బండికి చేసే సేవలో పావలా వంతు నాకు చేసింటే నా మోకాళ్ళు బాగయ్యేవి" అనేది భార్య రామక్క, కాఫీ గ్లాసు చక్రం పక్కన పెడుతూ.

"నీ మోకాళ్ళకు సామాను దొరకదే" అనేవాడు.

నవ్వేవాళ్ళు నవ్వారు. అల్లుడు రావడం తగ్గించాడు. కార్తీకం వచ్చేసరికి బండి పూర్తయి కొట్టంలోంచి బయటికొచ్చింది. ఎండలో నిలబెడితే కళ్ళు చెదిరేటట్టు ఉంది. ఓబుళపతి ఆ సాయంత్రమే పల్లెకు పోయి గురువు కాళ్ళకు మొక్కాడు.

"సామీ, మొదట మీరు ఎక్కాల. అప్పుడు చెప్పండి నాకు ఓర్పు ఉండాదో లేదో."

కుళ్ళాయప్ప చాలాసేపు అతని చేతుల కేసి చూశాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, వేళ్ళ మీద మానిన గాట్లు.

"వస్తా" అన్నాడు.

మరునాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. వాకిట్లో బండికి పసుపు, కుంకుమ పెట్టారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. రామక్క కొబ్బరికాయ పట్టుకొని నిలబడింది. గురువు బండి చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగాడు. ఓబుళపతి ఆయన వెనకాలే తిరుగుతూ చెప్పుకుపోయాడు. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా పొంగుతూ ఉంది.

"ఇంజను సులువుగానే లొంగింది సామీ. సంక్రాంతికే రాత్రిపూట రోడ్డు మీద తిప్పి చూస్తి. నన్ను ఏడిపించింది వణుకు."

"ఏం వణుకు?"

"స్పీడు మీద ఉన్నప్పుడు చక్రం చిన్న గుంతలో పడినా చాలు, స్టీరింగు గడగడ వణికి ఎడమపక్కకు లాగేసేది. పట్టుకుంటే నిలిచేది కాదు. ఒకటి మార్చి చూస్తి, పోలేదు. ఇంకొకటి బిగిస్తి, పోలేదు. ఇంకొకరైతే విసిగిపోయి వదిలేసిందురు. నేను వదల్లేదు. ప్రతిదీ మళ్ళా విప్పినా. ఆఖరికి పట్టుకున్నా సామీ. చక్రం వెనక ఒక చిన్న జాయింటు. పైకి చూస్తే నిక్షేపంగా ఉంది. లోపల అరిగి గుల్లయిపోయింది."

"ఎన్నాళ్ళనుంచి అరిగింటుంది?"

"రెండు మూడేండ్లన్నా పట్టింటుంది. అది ఒక దినంలో అరిగేది కాదు సామీ."

"ఎప్పుడు కనుక్కుంటివి?"

"ఉగాదికి ముందర."

కుళ్ళాయప్ప బండి ముందుకు నడిచాడు. నడుం మీద చెయ్యి ఆనించుకొని వంగి, ముందు చక్రం కింది నిమ్మకాయను తీశాడు. ఇటుపక్కది తీశాడు. వెనక్కు పోయి ఆ రెండూ తీశాడు. నాలుగింటినీ తెచ్చి రామక్క పళ్ళెంలో పెట్టాడు.

"సామికి ఇట్లాంటివి గిట్టవని చెప్తే విన్నావా?" అని రామక్క మొగుణ్ణి కసిరింది.

"దానికి కాదమ్మా" అన్నాడు గురువు. "వీటిని తొక్కించేవాడు రాలేదు."

"నేనే నడుపుతా సామీ. నాకు లైసెన్సు ఉండాది" అన్నాడు ఓబుళపతి.

"దస్తగిరి యాడుండాడు?"

"వాడెందుకు సామీ, ఆ తాగు..."

ఆ మాట పుట్టించింది తనే.

బండి కల్వర్టుకు గుద్దుకున్న రోజు బస్టాండు పక్క టీ అంగడి ముందు, నుదుటి మీద నెత్తురు కారుతున్న దస్తగిరిని పదిమంది ఎదుట నిలబెట్టి అన్నాడు. తాగి నడిపి నా బండిని కల్వర్టుకు కొట్టినాడు, అని. దస్తగిరి శుక్రవారం నమాజు తప్పని మనిషి. తాగుడు వాసన ఏనాడూ ఎరగడు. "స్టీరింగు లాగిందన్నా" అని ఒకటే మాట చెప్పుకున్నాడు. జనం నవ్వారు. ఆ తర్వాత ఆ మాట ఊళ్ళో, గురువుండే పల్లెదాకా సామెతలాగా తిరిగింది. ఎవడైనా తూలితే "ఏమప్పా, స్టీరింగు లాగిందా" అని.

ఉగాదికి ముందర బండి కింద వెల్లకిలా పడుకొని, ఆ జాయింటును అరచేతిలో తిప్పి చూసిన పూట ఓబుళపతికి దస్తగిరి గుర్తుకు రాకపోలేదు. బండి పూర్తికానీ, చూద్దాంలే అనుకున్నాడు. గ్రీజు తుడుచుకొని కొత్త జాయింటు బిగించాడు.

గురువు తలుపు తీసి ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "పోదాం పద" అన్నాడు.

దస్తగిరి బైపాసు మీద బండ్లు కడిగే చోట ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నీళ్ళ గొట్టం పట్టుకొని, నానిపోయి తెల్లబడిన కాళ్ళతో ఒక కారును కడుగుతున్నాడు. బండి లోపలికి వస్తూ ఉంటే తల ఎత్తలేదు. ఇంజను చప్పుడు విన్నాక ఎత్తాడు. నీళ్ళు ఆపేసి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే ఉంచాడు.

"ఎవరు చేసినారన్నా?"

"నేనే" అన్నాడు ఓబుళపతి.

"బాగా చేసినావన్నా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఓబుళపతికి అనిపించింది.

"దిమ్మె మీదికి ఎక్కించు. కడుగుతా" అన్నాడు దస్తగిరి.

"కడిగేదానికి రాలేదు." ఓబుళపతి తాళం తీసి చాపాడు. "నువ్వే నడుపు. రేపటినుంచి పనిలోకి రా. జీతం అప్పటికన్నా ఎక్కువే ఇస్తా."

దస్తగిరి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు గాని తాళం అందుకోలేదు.

"ఇక్కడ నాకు తాళాలియ్యరన్నా. కడిగేది నేను, బండి ముందుకూ వెనక్కూ తీసేది ఓనరు కొడుకు. వాళ్ళ తప్పేముంది, విన్నమాట వాళ్ళు నమ్మినారు. మా ఇంట్లోది కూడా ఒకనాడు నేను పడుకున్నాననుకొని నా నోరు వాసన చూసింది."

ఓబుళపతి చాపిన తాళాన్ని వెనక్కు తీసుకున్నాడు.

"నీ దగ్గరికి పనికి రాకున్నా పర్వాలేదన్నా" అన్నాడు దస్తగిరి. "ఆ పొద్దు ఒక మాట అన్నావు. అది తప్పని పదిమందిలో చెప్పు. జీతం వద్దు, ఏమీ వద్దు. ఆ మాట ఒకటి తీసెయ్యి."

"చెప్తాలేప్పా. అదేం పెద్ద సంగతి."

అటుపక్క రేకుల నీడలో బెంచీ మీద బండ్లు కడిగించుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు కూర్చొని ఉన్నారు. వాళ్ళలో ఎరువుల అంగడి సీనప్ప ఉన్నాడు. ఆనాడు టీ అంగడి దగ్గర కూడా ఉన్నాడు. ఓబుళపతిని చూసి లేచి వచ్చాడు.

"ఏమన్నా, పెండ్లికొడుకును చేసినావే బండిని. పాత ఇనుము గుజిరీకి పోయిందనుకున్నామే."

"పోనిస్తానా" అన్నాడు ఓబుళపతి.

సీనప్ప దస్తగిరి కేసి చూసి, ఓబుళపతికి కన్ను కొట్టాడు.

"మరి మనవాని స్టీరింగు లాగుడు పోయిందా?"

బెంచీ మీది వాళ్ళు గొల్లుమన్నారు. ఓనరు కొడుకు కూడా నవ్వాడు. దస్తగిరి నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. ఓబుళపతి నోటికేసి చూస్తూ నిలబడ్డాడు. బండిలోంచి కుళ్ళాయప్ప కూడా అతని నోటికేసే చూస్తున్నాడు.

లాగింది నిజమేనప్పా, నేనే చూసినా. చెప్పాల్సింది అంతే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సీనప్ప నవ్వుమొహం ఎదురుగా ఉంది. నువ్వు నమ్మించినావు కాబట్టే కదా మేం నవ్వినాం, అని ఆ మొహం అడుగుతుంది. ఇన్నాళ్ళూ ఎందుకు నోరెత్తలేదని అడుగుతుంది. ఊళ్ళోకి పోయి ఇంకా నలుగురికి చెబుతుంది.

ఓబుళపతి పెదవులు నవ్వినట్టు కదిలాయి.

"పోయిందిలే" అన్నాడు. "ఇంజను మొత్తం విప్పి చేసినా. చూస్తావా, రా."

బానెట్టు ఎత్తబోయాడు. దస్తగిరి వెనక్కు తిరిగి నీళ్ళు వదిలాడు. గొట్టం బుస్సుమంది.

"అన్నా, బండి పక్కకు తీయి" అన్నాడు, వెనక్కు చూడకుండానే. "వెనక జనం ఉండారు."

ఓబుళపతి ఎక్కి బండిని రోడ్డు పక్కకు తీశాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. గురువు ఎప్పుడు దిగాడో చూడలేదు. ఆయన రోడ్డు దాటి, పల్లె దోవ మొదట్లో షేరు ఆటో కోసం నిలబడి ఉన్నాడు. ఎండకు తలమీద తుండుగుడ్డ కప్పుకున్నాడు. ఓబుళపతి దిగి ఉరుకులు పరుగుల మీద పోయాడు.

"సామీ, ఎక్కండి, నేను దింపుతా. మెత్తగా పోతుంది, వణుకే లేదు. ఆ సంగతి నేను చెప్తా సామీ, ఇప్పుడు కాదు గాని, సమయం చూసుకొని..."

ఆటో వచ్చి ఆగింది. లోపల గంపలతో ఆడవాళ్ళు ఉన్నారు. జరిగి చోటిచ్చారు. కుళ్ళాయప్ప కమ్మీ పట్టుకొని, ఒక కాలు పైన పెట్టి, వెనక్కు తిరిగాడు.

"బండిని విప్పేదానికి నీకు ఏడాది పట్టింది ఓబుళపతీ" అన్నాడు. "నిన్ను విప్పేదానికి నా ఆయుష్షు చాలదు."