కుందేలు తాకట్టుపెట్టిన చదువు

మద్దిగుట్ట అడవిలో కుందేళ్లు, ఉడుతలు, అడవిపందులు, చీమలు ఉండేవి. గుట్ట మీద ఒక ముసలి ఎలుగుబంటి బడి నడిపేది. ఏ ఆకు జ్వరానికి, ఏ వేరు గాయానికి పనికొస్తుందో అక్కడ నేర్పేవారు. చదువు ఒక ఏడాది.

గుట్టంతా బండరాళ్లే, మేత దొరకదు. అందుకని చదువుకునేవాళ్లకు చీమలు జొన్నలు అప్పుగా ఇచ్చేవి.

ఆ ఏడు గంతన్న అనే కుందేలు, చారమ్మ అనే ఉడుత బడిలో చేరాయి. చీమల పెద్ద చెరో ఇరవై గంపలు కొలిచి ఇచ్చింది.

"ఇది ఏడాది తిండి. చదువయ్యాక సంపాదించి ఇరవై రెండు గంపలు తిరిగివ్వాలి" అంది.

వాగు ఒడ్డున ఒక అడవిపంది కందదుంపలు పండించేది. విత్తనం కొనడానికి జొన్నలు పెట్టినవాళ్లకు పంటలో వాటా ఇచ్చేది. గంతన్న పది గంపలు తీసుకెళ్లి దానికి ఇచ్చాడు.

"తిండిగింజలు కదా, పంట పోతే ఏం చేస్తావు?" అని అడిగింది చారమ్మ.

"రెండేళ్లుగా పోలేదు. గింజలు ఊరికే మూల పడి ఉంటే ఏం లాభం? చలికాలానికి ఇరవై గంపలు అవుతాయి చూడు."

"నాకంత ధైర్యం లేదులే" అని చారమ్మ పాఠం చదువుకుంది.

దుంపలు ఊరే వేళకు వాగు పొంగింది. మడులన్నీ కొట్టుకుపోయాయి. పంది మోసం చేయలేదు. దాని విత్తనం కూడా పోయింది.

చలికాలం సగంలోనే గంతన్న గంపలు ఖాళీ అయ్యాయి. అతను చీమల పెద్ద దగ్గరికి వెళ్లాడు.

"వరద వచ్చిందమ్మా. ఇంకో పది గంపలు ఇవ్వండి."

"నీకు తిండికి ఇచ్చాం నాయనా, పంటకు ఇవ్వలేదు. ఇంకొకరి వంతు తీసి నీకివ్వలేను" అంది పెద్ద.

చారమ్మ తన పూటలో కొంత పెట్టింది. అది ఇద్దరికీ ఎన్నాళ్లు వస్తుంది? గంతన్న రోజూ గుట్ట దిగి, మేత వెతుక్కుని, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. అప్పటికి పాఠం అయిపోయేది. పరీక్ష రోజు ఎలుగుబంటి ఇరవై వేర్లు ముందు పెడితే, ఆరింటి పేర్లే చెప్పగలిగాడు.

చారమ్మ వైద్యురాలైంది. మరుసటి పంటకల్లా అప్పు తీర్చేసింది. మిగిలిన దాంట్లో రెండు గంపలు పంటలో వాటా కోసం పందికి ఇచ్చింది.

"ఇప్పుడు భయం లేదా?" అని గంతన్న అడిగాడు.

"ఉంది. కానీ ఇవి నావి. పోయినా నా పూట గడుస్తుంది" అంది చారమ్మ.

గంతన్న మూడేళ్లు బరువులు మోసి ఇరవై రెండు గంపలు తీర్చాడు. నాలుగో ఏడు వానలు పడగానే గుట్టెక్కి, పిల్ల ఉడుతల పక్కన కూర్చుని, మొదటి ఆకు పేరు మళ్లీ నేర్చుకున్నాడు.

నీతి: చదువు కోసం తెచ్చిన అప్పు చదువుకే ఖర్చు కావాలి, పోయినా తట్టుకోగల సొంత సొమ్మునే లాభం కోసం పెట్టాలి.