ఓడలో రాని నాయనమ్మ

నార్మన్లు ఫ్రాన్సు నుంచి సముద్రం దాటివచ్చి ఇంగ్లండును గెలుచుకున్న వందేళ్ళకు, అక్కడ రెనాల్డ్ అనే నార్మన్ ప్రభువు ఉండేవాడు. తన వేటకు అడవి పెంచాలని, కోట పక్కనున్న పల్లెలో గుడిసెలన్నీ పీకించమన్నాడు. పల్లెవాళ్ళు వచ్చి మొరపెట్టుకున్నారు.

"మీకూ నాకూ ఏమిటి సంబంధం? మా వంశం ఎక్కడిదో వినండి!" అంటూ స్తుతిపాఠకుడికి సైగ చేశాడు ప్రభువు. అతను ఓడలో వచ్చిన మూలపురుషుడితో మొదలుపెట్టి తాతల పేర్లు, వాళ్ళ కత్తుల పేర్లు, చివరికి వాళ్ళ గుర్రాల తల్లుల పేర్లు కూడా గుక్క తిప్పుకోకుండా చదివాడు.

బాతులు కాసుకునే ఎడిత్ అవ్వ అంతా శ్రద్ధగా విన్నది.

"దొరా, మీ మూలపురుషుడు వచ్చిన ఓడలో ఆడవాళ్ళున్నారా?"

"పిచ్చిదానా! యుద్ధానికి వచ్చే ఓడలో ఆడవాళ్ళెందుకుంటారు?"

"పోనీ, తరవాత మీ దేశం వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడా?"

"దిగిన రోజే ఓడ తగలబెట్టాడు. ఈ కోటలోనే ఉండి, ఇక్కడే కన్నుమూశాడు!" అన్నాడు ప్రభువు గర్వంగా.

"మరి ఆయన పిల్లల్ని కన్నతల్లి ఎవరు బాబూ?"

ప్రభువు స్తుతిపాఠకుడి వైపు చూశాడు. గుర్రాల తల్లులందరూ గుర్తున్న ఆ మనిషి తల వంచుకున్నాడు.

"ఆవిడ మా పల్లె పిల్లే అయ్యుంటుంది. ఏ గుడిసె ఆమె పుట్టిల్లో మాకూ తెలియదు" అన్నది అవ్వ నెమ్మదిగా. "అది తేలాక, దాన్ని వదిలేసి మిగతావి పీకించండి."

ఆ గుడిసె ఏదో కనుక్కుని రమ్మని ప్రభువు స్తుతిపాఠకుణ్ణి పల్లెకు పంపాడు.

ఏ గుమ్మంలో అడిగినా ఒకటే జవాబు వచ్చింది: "ఆవిడా? మా ఇంటి ఆడపడుచే!"